మూడో గేరులో ఇరుక్కున్న బండి

సాలూరులో గేరుబాక్సు విప్పగలిగే మిస్త్రీలు వీధికి ముగ్గురు దొరుకుతారు. విప్పకుండానే అందులో ఏముందో చెప్పగలిగేది మాత్రం నేనొక్కదాన్నే. నా గొప్ప నేనే చెప్పుకుంటున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. ముప్పై ఏళ్లుగా లారీల కింద పడుకుని వైర్లు వెతుకుతున్నదాన్ని, మొహమాటం ఎప్పుడో పోయింది. నా పేరు పద్మకుమారి, ఊళ్లో కరెంటు పద్మ అంటారు. మా నాన్న లారీలకి కరెంటు పని చేసేవాడు. ఆయన పోయాక షెడ్డు నాకొచ్చింది, షెడ్డుతోపాటు ఆయన కోపమూ వచ్చింది.

నాకు ఒళ్లు మండేది ఒక్క విషయానికే. ఇది మార్చి చూద్దాం, తగ్గకపోతే అది మార్చి చూద్దాం అనే మిస్త్రీని నా గుమ్మం తొక్కనివ్వను. మీటరు పెట్టి చూడకుండా సామాను మార్చేవాడికీ, నాడి పట్టకుండా సూది పొడిచేవాడికీ తేడా లేదు. నేను చూస్తాను, కొలుస్తాను, అప్పుడు మాట్లాడతాను. మాట్లాడాక ఆ మాట తప్పవడం చాలా తక్కువ.

ఆ మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి ఒక పాత తెల్లకారు మూలుగుతూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. మలుపులో చప్పుడు వినగానే తెలిసిపోయింది, బండి మూడో గేరులోంచి కిందికి దిగడం లేదు. డ్రైవరు సీట్లోంచి ఒకావిడ దిగింది. నలభై దాటిన మనిషి, నూలుచీర, చేతిలో కర్ర. ఎడమకాలు సన్నగా ఉంది, చిన్నప్పుడే పోలియో వచ్చిన కాలు. కుడికాలు నేలకి గట్టిగా ఆనించి, తలుపు పట్టుకుని లేచి నిలబడింది. తోలుకొచ్చినవాడు ఎక్కడున్నాడా అని లోపలికి తొంగి చూశాను. ఎవరూ లేరు.

ఆవిడ పేరు హైమ. పాతపట్నం నుంచి వస్తున్నానని, పాలకొండ దాటాక గేరు ఇరుక్కుంటే ఆపకుండా అలాగే లాక్కొచ్చానని చెప్పింది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే జబ్బు మాయమైపోతుందట, నేను కళ్లారా చూడాలని ఆపలేదట. ఆ ఒక్క మాటకే ఆవిడంటే నాకు గౌరవం కలిగింది. జబ్బుని జబ్బులాగే తీసుకొచ్చేవాళ్లు నూటికొకరు ఉండరు.

వాళ్లది పాతపట్నంలో హోల్‌సేల్ కిరాణా కొట్టు. అన్నగారు చంద్రమౌళి కొట్టు చూసుకుంటాడు, ఈవిడ లైనుకి తిరుగుతుంది. లైనంటే మెళియాపుట్టి, హిరమండలం, కొత్తూరు వైపు ఊళ్లన్నీ తిరిగి, చిన్నచిన్న కొట్లవాళ్లకి ఏం కావాలో రాసుకురావడం. ఒడియా ఊళ్లలో ఒడియాలోనే బేరమాడుతుందట. క్లచ్చు తొక్కడానికి ఎడమకాలు పనికిరాదు కాబట్టి, దానంతటదే గేర్లు మార్చుకునే ఈ పాత బండిని ఆరేళ్ల కిందట పార్వతీపురంలో ఒక బ్రోకరు ద్వారా కొన్నారు. ఆ రోజు నుంచి ఎక్కడికి వెళ్లాలన్నా ఆవిడ ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది.

ఎనిమిది నెలల కిందట జబ్బు మొదలైంది. ఇరవై ముప్పై కిలోమీటర్లు పోయి ఇంజను వేడెక్కాక, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు, స్పీడు చూపించే ముల్లు టక్కున సున్నాకి పడిపోతుంది. బండి మూడో గేరులో బిగుసుకుపోతుంది. విశాఖలో ఒక వర్క్‌షాపువాళ్లు రెండుసార్లు స్పీడు సెన్సరు మార్చారు. రెండుసార్లూ వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. మూడోసారికి గేరుబాక్సే పోయిందన్నారు, ఇంత పాత మోడలుకి ఇంకొకటి దొరకదన్నారు. అది ఎందుకు పోయిందో కూడా వాళ్లే చెప్పారు.

"ఒక్క కాలితోటి తోల్తే అలగే అవుతాదన్నారు," అంది హైమ. "బ్రేకూ అదే కాలు, ఆక్సిలేటరూ అదే కాలు. తడబడి రెండూ ఒకేసారి తొక్కీస్తన్నానట. మా అన్నయ్య ఆ మాటే పట్టుకున్నాడు. నా కాలే బండిని తినీసిందంటన్నాడు."

చంద్రమౌళి బండిని తుక్కువాడికి ఇచ్చేయడానికి మాట్లాడేశాడు. ఈవిడ ఆయనకి చెప్పకుండా పొద్దున్నే బండి తీసుకుని ఇటు వచ్చేసింది. దారిలో ఫోన్ చేసి చెబితే, సరే, తుక్కువాడి వ్యాను సాలూరుకే తెస్తాను, సాయంత్రం ఐదింటికి అక్కడే ఉంటాను అన్నాడట. ఇంకో బండి కొనే ప్రసక్తి లేదని, ఇకమీదట లైనుకి వినోద్ అనే డ్రైవరు వ్యానులో వెళ్తాడని, హైమ కొట్లో కూర్చుంటే చాలని ముందే తేల్చేశాడు.

"బండి బాగవకపోతే పోనీ అక్కా. నా కాలు తప్పో కాదో ముందు అది సెప్పు," అంది.

నాకు కోపం నషాళానికి అంటింది. క్లచ్చు లేని బండిని లోకంలో ఎవరైనా కుడికాలు ఒక్కదానితోనే తోలాలి. ఎడమకాలికి అక్కడ పనే లేదు. ఆ మాట అన్న పెద్దమనిషి కూడా అలాంటి బండి ఎక్కితే ఒంటికాలితోనే తోలతాడు. అయినా నేను కొలవకుండా మాట్లాడను. సాయంత్రం మీ అన్న వచ్చేలోపు చెప్తానని మాటిచ్చాను.

ఈలోపు పక్కషెడ్డు నుంచి గోవిందరావు మావ వచ్చేశాడు. సొంత మావ కాదు, మా నాన్న స్నేహితుడు. లారీ గేరుబాక్సు విప్పడంలో ఆయన్ని మించినవాడు ఒడిశా బోర్డరు దాకా లేడు. ఆ చప్పుడు ఆయనా విన్నాడు, స్పానర్ల పెట్టెతో సహా వచ్చాడు.

"ఇప్పితే తెలిసిపోతాది కదే, మీటర్లెందుకు?" అన్నాడు.

"లారీది ఇప్పితే మళ్లీ బిగిస్తావు మావా. ఇది ఇప్పితే గోనెసంచిలో ఏసుకెళ్లాల," అన్నాను.

ఆయన నవ్వాడు గానీ కదల్లేదు. సరే, ముందు ఆయన నోరు మూయించాలని గేరుబాక్సు నూనె తీసి తెల్లగుడ్డ మీద రెండు చుక్కలు వేశాను. లోపలి పలకలు మాడి ఉంటే నూనె నల్లగా ఉంటుంది, కాలిన కంపు కొడుతుంది. ఇది ఎర్రగా, పల్చగా ఉంది. గుడ్డ మావకే ఇచ్చాను. ఆయన రెండుసార్లు వాసన చూశాడు. పోటీ మనిషే గానీ అబద్ధమాడడు. మాడలేదని ఒప్పుకున్నాడు.

తర్వాత స్కానరు పెట్టాను. గేరుబాక్సులోంచి చక్రాలకి వెళ్లే వేగం నాకు అందడం లేదు అని కంప్యూటరు ఫిర్యాదు. ఆ వేగాన్ని చెప్పేది వేలెడంత సెన్సరు. లోపల తిరిగే పళ్లచక్రం దాని ఎదురుగా పోతుంటే చిన్న కరెంటు పుడుతుంది, అది రెండు సన్నటి వైర్ల మీద కంప్యూటరుకి చేరుతుంది. ఆ కరెంటును బట్టే ముల్లు కదులుతుంది, గేరు మారుతుంది. కబురు ఆగిపోతే కంప్యూటరు జాగ్రత్తపడి, ఎలాగోలా ఇల్లు చేరమని మూడో గేరులో పెట్టి కూర్చుంటుంది. స్కానరు ఫిర్యాదు చదువుతుంది అంతే, దొంగని పట్టదు. విశాఖవాళ్లు ఫిర్యాదులో పేరున్నవాణ్నే దొంగ అనుకుని రెండుసార్లు మార్చారు.

హైమ స్టూలు మీద కూర్చుని నేను చేసేదంతా కళ్లార్పకుండా చూసింది. సెన్సరు చల్లగా ఉన్నప్పుడు కొలిచాను, బాగుంది. ఊడదీసి, వేడినీళ్ల గ్లాసులో ముంచి కొలిచాను, అప్పుడూ బాగుంది. సెన్సరుకి తగిలించే కప్లరు శుభ్రంగా ఉంది. అక్కడి నుంచి కంప్యూటరు దాకా రెండు వైర్లూ తెగలేదు. నిలబెట్టి చూస్తే బండిలో ఏ తప్పూ లేదు. మావ ఇదంతా చూసి, మరి గేరుబాక్సు కాక ఇంకేటే అన్నాడు. నిలబడి ఉన్నప్పుడు రాని జబ్బుని నడిచేటప్పుడు పట్టుకోవాలన్నాను. సెన్సరు దగ్గర నుంచి రెండు వైర్లు కిటికీలోంచి లోపలికి లాగి నా మీటరుకి తగిలించాను. కోనవలస దాటితే ఒడిశాకి ఎక్కే కొండదారి, ఘాటీ. ఎత్తుకి అంతకంటే ఎత్తు ఇంకేం కావాలి.

నేను తోలలేదు. హైమనే తోలమని పక్కన కూర్చున్నాను. మీటరు ఒక కంట, ఆవిడ కాలు ఒక కంట చూశాను. మడమ నేల మీదే ఉంచి, పాదాన్ని బ్రేకు నుంచి ఆక్సిలేటరుకి తిప్పుతుంది. ఎదురుగా బాక్సైటు లారీలు దిగుతుంటే చాలా ముందే వేగం తగ్గించుకుని దారి ఇస్తుంది, మళ్లీ మెత్తగా అందుకుంటుంది. ఒక్కసారి కూడా రెండు పెడళ్లూ కలిపి తొక్కలేదు. నా షెడ్డుకొచ్చే డ్రైవర్లలో సగం మంది ఆవిడ దగ్గర కూర్చుని నేర్చుకోవాలి. ఆ మాట అప్పుడే చెప్పేద్దామనుకున్నాను, కానీ చెప్పలేదు. కారణం దొరక్కుండా ఊరికే మెచ్చుకుంటే అది ఓదార్పు అవుతుంది, ఆవిడకి ఓదార్పులు చాలానే దొరికి ఉంటాయి.

మూడో మలుపు ఎక్కుతుంటే ముల్లు పడిపోయింది. గేరు బిగుసుకుంది. అదే క్షణంలో నా మీటరు కూడా దాదాపు సున్నాకి వచ్చింది. చక్రాలు తిరుగుతున్నాయి, సెన్సరు పుట్టించే కరెంటు మాత్రం ఎక్కడికో జారిపోతోంది. పక్కన కాస్త చోటు చూసుకుని, ఇంజను ఆపకుండా బండి వెనక్కి తిప్పమన్నాను. హైమ రివర్స్ వేసింది. బండి బెత్తెడు కదిలిందో లేదో, పడిపోయిన ముల్లు ఒక్కసారిగా లేచి నలభై దాకా ఊగింది.

"ఇది ఎప్పుడూ ఇంతే సేస్తాది," అంది హైమ. "గేరు ఇరుక్కున్నప్పుడల్లా రివర్స్‌లో ముల్లు ఆడతాది. విశాఖలో సెప్తే, ముల్లు కాదమ్మా రోడ్డు సూసుకో అన్నారు."

నాకు అక్కడే గెంతాలనిపించింది. ఎనిమిది నెలలుగా ఆవిడ సరైన జవాబే చెబుతోంది, వినేవాడే లేడు. రివర్స్ వేసినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే వైరు ఒకటి ఉంటుంది, వెనకలైట్లకి వెళ్లేది. ముందుకి పోయేటప్పుడు అందులో కరెంటు ఉండదు గానీ, బల్బు గుండా బండి ఇనుముకి కలిసి ఉంటుంది. ఆ వైరు ఎక్కడో సెన్సరు వైరుని తాకుతోంది. వేడెక్కి, ఎత్తులో ఇంజను ఒరిగినప్పుడు తాకుతోంది. సెన్సరు కరెంటు కంప్యూటరు దాకా పోకుండా ఆ దారిన బల్బులోంచి ఇనుములోకి జారిపోతోంది.

ఊహ బాగుందని సంబరపడితే నేనూ విశాఖవాళ్లలాంటిదాన్నే. దిగి వెనక రెండు రివర్స్ బల్బులూ ఊడదీశాను. జారిపోయే దారి మూసేశాను. బండి ఆపి, స్టార్ట్ చేసి, మళ్లీ ఎక్కమన్నాను. మూడో మలుపు దాటింది. ఏడో మలుపు దాటింది. పైదాకా ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కాం. ముల్లు కదుల్తూనే ఉంది, గేర్లు వరసగా మారుతూనే ఉన్నాయి. రెండోసారి పైకి చేరాక హైమ బండి పక్కకి ఆపి స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టింది. ఆవిడ కళ్లలో నీళ్లు చూడనట్టు నేను మీటరు వైర్లు చుట్టుకున్నాను.

దిగేటప్పుడు మాత్రం నా నోరు ఆగలేదు. కంపెనీ కట్టిన కట్టని ఎవడో విప్పితే తప్ప ఆ రెండు వైర్లూ తాకవు. ఆ వైర్ల జోలికి వెళ్లినవాడెవడో గానీ వాడికి స్క్రూడ్రైవరు ఇచ్చినవాణ్ని అనాలన్నాను. వాడు మిస్త్రీ కాదు, దొంగచేతివాడన్నాను. ఇంకా చాలా అన్నాను. హైమ పొద్దుటి నుంచి మొదటిసారి పకపకా నవ్వింది.

మూడున్నరకి షెడ్డు చేరాం. బండిని గొయ్యి మీద నిలబెట్టి, కిందకి దిగాను. గేరుబాక్సు పక్క నుంచి పోయే వైర్లకట్టని సైలెన్సరు గొట్టం వైపు తడుముకుంటూ పోతే, ఒకచోట టేపు వేడికి ఎండి పెళుసుబారి ఉంది. గోటితో తీశాను. రివర్స్ వైరుకి ఎవరో పక్కవైరు కలిపిన జాయింటు. దాని రాగి పోగొకటి బయటికి పొడుచుకొచ్చి, పక్కనున్న సెన్సరు వైరు తోలులోకి దిగింది. అనుకున్నది అనుకున్నచోటే దొరికింది. ఒక్క క్షణం రాణిలా ఉంది నాకు.

మరుక్షణం టేపు కింద దారం కనిపించింది.

మా నాన్న జాయింటు కట్టాక టేపు చుట్టే ముందు మైనం రాసిన నూలుదారం చుట్టేవాడు, మూడు చుట్లు అటు, రెండు చుట్లు ఇటు, చివర ముడి లోపలికి. సాలూరులో ఒక్కో కరెంటు మిస్త్రీది ఒక్కో కట్టు. పదేళ్ల తర్వాత విప్పినా ఇది ఫలానావాడి చెయ్యి అని చెప్పేస్తారు. మా నాన్న కట్టు నేర్చుకున్నది నేనొక్కదాన్నే. ఆయన పోయి పందొమ్మిదేళ్లు, ఈ బండి వయసు పదహారు.

అప్పుడు గుర్తొచ్చింది. పదకొండేళ్ల కిందట తిరుమలరావు అనే లారీల యజమాని, దసరా ముందు క్లచ్చు లేని ఒక కొత్తరకం తెల్లకారు తెచ్చాడు. తన లారీలన్నింటికీ ఉన్నట్టే దీనికీ వెనక్కి తీస్తే పాట మోగాలన్నాడు. పండగ ముందు షెడ్డు నిండా లారీలు. నేను కింద దూరి, గేరుబాక్సు నుంచి వచ్చే కట్టని కోసి, రివర్స్ వైరు పట్టుకుని, పాటపెట్టెకి జాయింటు కొట్టేశాను. ఆ రోజుల లారీకి గేరుబాక్సు దగ్గర ఉండేది ఆ ఒక్క వైరే. పక్కనున్న సన్నవైర్లు ఏమిటో నేను చూడలేదు. కొలవలేదు. లారీకి చేసినట్టే చేసేసి, ఇంకో లారీ కిందకి వెళ్లిపోయాను.

గొయ్యిలో నా పక్కన ఎవరూ లేరు. జాయింటు కోసేశాను. రివర్స్ వైరుని టంకం పెట్టి అతికాను, సెన్సరు వైర్లకి కొత్త తొడుగు వేశాను, రెండింటినీ జానెడు దూరంలో విడివిడిగా కట్టాను. చెయ్యి పని చేస్తూనే ఉంది, ఒళ్లంతా సిగ్గుతో కాలుతూనే ఉంది. పైనుంచి మావ వంగి, ఎవరి చెయ్యే అది అని అడిగాడు. ఎవరో తెలీదన్నాను. కోసిన ముక్కని జాకెట్టు జేబులో పెట్టుకున్నాను. ముప్పై ఏళ్లలో పని గురించి నేనాడిన మొదటి అబద్ధం అది.

పైకి వచ్చాక హైమ నా రెండు చేతులూ పట్టుకుంది. మసి అంటుతుందన్నా వదల్లేదు.

ఐదు కాకుండానే చంద్రమౌళి తుక్కువాడి వ్యానులో దిగాడు. యాభై ఏళ్ల మనిషి, మర్యాదస్తుడు. నాకు నమస్కారం చేశాడు, చెల్లెల్ని భోజనం చేశావా అని అడిగాడు. చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది. హైమ ఘాటీ సంగతీ, కింద దొరికిన జాయింటు సంగతీ చెప్పింది, రెండుసార్లు ఎక్కానంది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"విశాఖ నుంచి వచ్చినప్పుడల్లా వారం రోజులు బాగానే తిరిగినాది కదమ్మా," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. మేం కొన్నాక ఆ వైర్ల మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదే, మరి ఆ జాయింటు ఎక్కడి నుంచి వచ్చింది, ఐదేళ్లకి పైగా లేని జబ్బు ఇప్పుడెందుకు వచ్చింది అని అడిగాడు. నేను తడబడ్డాను. ఆయనకి అది చాలింది. మా చెల్లి మనసు కష్టపెట్టకూడదని చెబుతున్నారు, నాకు తెలుసు, మీది మంచి మనసు అన్నాడు. రేపు ఏ ఘాటీలోనో ఆవిడ కాలు తడబడితే నేనేం చేయాలండీ అన్నాడు. తుక్కువాడికి గొలుసు తగిలించమని సైగ చేశాడు.

హైమ తలొంచింది. తన కుడికాలి వైపు చూసుకుంది. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను.

జేబులోంచి ముక్క తీసి చంద్రమౌళి అరచేతిలో పెట్టాను.

"షావుకారుగారూ, ఈ సెయ్యి నాది. పదకొండేళ్ల కిందట నానే కట్టినాను. మీ సెల్లి కాలు తప్పు కాదు, నా తప్పు."

అంతా చెప్పాను. దసరా ముందు రోజులు, తిరుమలరావు, వెనక్కి తీస్తే మోగే పాట, చూడకుండా కోసిన కట్ట. టేపు బతికున్నన్నాళ్లు ఆ పోగుని ఆపిందని, సైలెన్సరు వేడికి ఏడాదేడాదికీ ఎండి, ఎనిమిది నెలల కిందట చిట్లిందని, విశాఖవాళ్లు సెన్సరు మార్చినప్పుడల్లా వైర్లు కదిలి ఆ పోగు కొన్నాళ్లు పక్కకి జరిగేదని చెప్పాను. గోవిందరావు మావ ఆ ముక్కని తీసుకుని దారం చుట్లు లెక్కపెట్టి, మళ్లీ ఆయన చేతిలో పెట్టేశాడు. ఆ కట్టు ఆయనకీ తెలుసు.

చంద్రమౌళి ముఖం మారిపోయింది. "పాటపెట్టి," అన్నాడు మెల్లగా. "ఉండీది. కొన్న రోజే సిగ్గేసి నానే పీకించీసినాను."

తర్వాత ఆయన నన్ను చాలా మాటలన్నాడు. మీరు ఊళ్లో పేరున్న మిస్త్రీ ఎలా అయ్యారన్నాడు, మీ దగ్గరికి వచ్చే బండ్లని దేవుడే కాపాడాలన్నాడు. నాకు ఎదురు చెప్పడం తప్ప వినడం అలవాటు లేదు. ఆ రోజు నిలబడి విన్నాను. మావ నా చెవిలో, రేపటికి వీధంతా తెలిసిపోతాదే అని గొణిగాడు. తెలియనీ అన్నాను.

అన్నగారు అలిసిపోయాక హైమ కర్ర ఊతంతో నా ముందుకు వచ్చి నిలబడింది. ఇందాక నా చేతులు పట్టుకున్న మనిషి కాదు.

"దేవుడు నాకిచ్చింది ఒక్క మంచి కాలు," అంది. "ఎనిమిది నెల్లు దాన్ని కూడా నమ్మలేదు. మెట్టు దిగాలన్నా భయపడినాను."

తప్పైపోయిందమ్మా అన్నాను. ఆవిడ క్షమించానని అనలేదు, అనకూడదు కూడా. నా మొహంలోకి చూసి, నిజం చెప్పినందుకు మాత్రం తలూపింది. తర్వాత అన్న వైపు తిరిగింది.

"ఆవిడ సెప్పీసింది. ఇప్పుడు నువ్వు సెప్పు."

చంద్రమౌళి తుక్కువాడి వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఎవరూ ఆయన్ని ఆదుకోలేదు. "నీ కాలు మంచిదే హైమా," అన్నాడు చివరికి. "నానే తప్పుగా అనీసినాను." అని, తుక్కువాణ్ని గొలుసు విప్పి వెళ్లిపొమ్మన్నాడు. వాడు నవ్వుకుంటూ ఖాళీ వ్యాను తోలుకుని పోయాడు.

హైమ డ్రైవరు సీట్లో కూర్చుంది. కర్ర పక్కన పెట్టుకుంది, అద్దం సరిచేసుకుంది. వచ్చే నెల గేరునూనె మార్పించడానికి ఇక్కడికే తెస్తానని నాకు చెప్పింది. ఆ రోజు గొయ్యిలోకి తనూ వంగి చూస్తానని, తను చూడకుండా ఒక్క వైరు ముట్టుకోవద్దని కూడా చెప్పింది. అలాగేనన్నాను. చంద్రమౌళి వెళ్లి పక్కసీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు.

"బెల్టు ఎట్టుకో అన్నయ్యా," అంది హైమ. "పార్వతీపురం దాకా ఆపను."